సంవత్సరపు సేవ లెక్కలో ఏమి వ్రాయాలి?



సంవత్సరము ముగిసే వేళ మన సంఘాలన్నిటిలోను ఒక పని జరుగుతుంది. కార్యవర్గము కూర్చుంటుంది. కార్యదర్శి పుస్తకము తెరుస్తాడు. ఆ సంవత్సరములో సంఘము చేసిన పరిచర్య అంతా ఒక నివేదికగా వ్రాస్తారు. ఎండాకాలములో చలివేంద్రము పెట్టాము. బడి పిల్లలకు నోటు పుస్తకాలు ఇచ్చాము. రోగులను ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము. వృద్ధులకు దుప్పట్లు పంచాము. యవ్వనస్థులు వీధులు శుభ్రము చేశారు. స్త్రీల సమాజమువారు విధవరాండ్ర ఇళ్ళను దర్శించారు. సర్వసభ్య సమావేశములో ఈ నివేదిక చదువుతారు. ఒకరు ప్రతిపాదిస్తారు, మరొకరు బలపరుస్తారు, అందరు చేతులెత్తి ఆమోదిస్తారు. దేవునికి స్తోత్రము చెల్లించి ప్రార్థనతో ముగిస్తారు.

ఇది మంచి పద్ధతి. కానుకల పైకము ఎక్కడికి పోయినదో సంఘమునకు తెలియాలి. చేసిన పని తెలిస్తేనే మరుసటి సంవత్సరము చేయవలసిన పని తెలుస్తుంది. అయితే ఈ నివేదిక విషయమై మేము ఒక ప్రశ్న మీ యెదుట పెట్టదలచాము. సంఘము ఊరికి ఏమి చేసినదో మనము వ్రాస్తున్నాము. ఊరు సంఘమునకు ఏమి చేసినదో ఏ పుస్తకములో వ్రాస్తున్నాము? ఈ రెండవ లెక్క లేకుండా మొదటి లెక్క నిజమవుతుందా?

ఇది లెక్కల ప్రశ్నవలె కనబడుతుంది గాని కాదు. సేవ అంటే ఏమిటి, ఇచ్చేవాడు ఎవరు, పుచ్చుకొనేవాడు ఎవరు అనే ప్రశ్న దీనిలో ఉన్నది.

పల్లెలో నిలిచి చూస్తే

పెద్ద పట్టణములో ఈ ప్రశ్న అంతగా బాధించదు. బరంపురములో తెలుగు వీధులున్నాయి, తెలుగు మాట బజారులో వినబడుతుంది. అక్కడ తెలుగు సంఘము తెలుగువారికి మాత్రమే సేవ చేసి, సంవత్సరమంతా గడపవచ్చు. అదే గంజాం జిల్లాలో ఉత్తర దిక్కుగా ఉన్న పొలసర వంటి చోటును తీసుకోండి. పొలసర ఒక చిన్న పట్టణము. దాని చుట్టూ బ్లాకులోని పల్లెలు, వరి పొలాలు, చెరువులు. వీధిలో ఒడియా, బడిలో ఒడియా, కచేరీలో ఒడియా. అటువంటి పల్లెలో కొన్ని ఇళ్ళ తెలుగు విశ్వాసులు ఒక సంఘముగా కూడుకొంటే, వారి పొరుగువారు దాదాపు అందరు వేరే భాష, వేరే మతము వారే. అక్కడ సేవ అంటే పొరుగువారి సేవే.

ఈ నేలపై తెలుగువాడు నిన్న వచ్చినవాడు కాడు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా వేరే రాష్ట్రముగా ఏర్పడే వరకు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. గుమాస్తా పనికి, రైలు పనికి, చేపల వేటకు, మగ్గము పనికి, వీధులు ఊడ్చే పనికి మనవారు ఈ వైపు వచ్చి స్థిరపడ్డారు. సరిహద్దు గీత పడిన తరువాత కొందరు కదలకుండానే పరరాష్ట్రమువారయ్యారు. అయినను ఎన్ని తరాలు గడిచినా మన ఇళ్ళలో "మన ఊరు" అంటే శ్రీకాకుళమో, విజయనగరమో, గోదావరి జిల్లాయో అన్నట్లు మాట్లాడుకొంటాము. ఉన్న ఊరిని మాత్రము "ఇక్కడ" అంటాము. ఇచ్ఛాపురము దాటగానే మనము అతిథులమైపోతాము. అతిథికి ఊరి చెరువు గట్టు తెగితే పట్టదు.

యిర్మీయా ప్రవక్త బబులోనులో ఉన్న చెరవారికి పంపిన ఉత్తరమును ఈ సందర్భములో జ్ఞాపకము చేసుకొందాము. ఇళ్ళు కట్టుకొని కాపురముండమని, తోటలు నాటమని, మీరున్న పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించమని ఆయన వ్రాశాడు. వారిని చెరపట్టినవారి పట్టణమది! అటువంటి చోటు క్షేమమునే కోరమని దేవుడు చెప్పగా, మనకు తిండి పెట్టిన ఊరి క్షేమము కోరుటకు మనకేమి అభ్యంతరము? ఆ పట్టణపు క్షేమములోనే వారి క్షేమమున్నదని కూడ ప్రవక్త స్పష్టపరచాడు. అనగా ఆ ఊరివలన వారు పొందేది ఉన్నది. రెండవ లెక్క అక్కడే మొదలైనది.

డీకన్ల పరిచర్య ఎలా పుట్టినదో కూడ చూడండి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో సంఘము ఏడుగురిని ఎందుకు ఏర్పరచుకొన్నది? రోజువారీ పంపకములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందడము లేదని సణుగు పుట్టినందున. మొదటి సేవా సంఘము పుట్టుకకు కారణము భాషా భేదమే. అప్పుడు ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అన్యాయము జరిగినదని చెప్పినవారి వైపు వారి చేతికే పంపకము అప్పగించారు. ఇది మన కార్యవర్గాలు ఆలోచించదగిన విషయము. ఒడియా పొరుగువారి కొరకు చేసే పనిలో ఏమి కావాలో ఒడియా పొరుగువారిని అడుగుతున్నామా, లేక మనమే నిర్ణయించి పంచి వస్తున్నామా?

చలివేంద్రము దగ్గర

మాటలు గాలిలో ఉండకుండా ఒక పనిని తీసుకొందాము. చైత్ర మాసములో ఎండ ముదురుతుంది. చలివేంద్రము పెట్టాలని ఒక పల్లె సంఘము తీర్మానించినదనుకొందాము. గంజాములో ఆ దినాలలోనే దండ నాటము జరుగుతుంది. భక్తులు ఒంటిపూట భోజనముతో, కఠిన నియమముతో, మండుటెండలో ఊరూరా తిరుగుతారు. మేష సంక్రాంతితో అది ముగుస్తుంది. ఆ సంక్రాంతి నాడు దారిన పోయేవారికి పానకము ఇవ్వడము ఒడియావారి ఆచారము.

ఇప్పుడు కార్యవర్గములో ప్రశ్న లేస్తుంది. వారు నడిచే దారిలో మన కుండలు పెట్టవచ్చునా? అది విగ్రహారాధనకు సహాయము చేసినట్లు కాదా అని ఒక పెద్ద అడుగుతాడు. దాహముగొన్నవాని మతము అడగమని ఎక్కడ వ్రాయబడినది అని ఒక యవ్వనస్థుడు అడుగుతాడు. ఇద్దరి మాటలోను భక్తి ఉన్నది. మా అభిప్రాయము చెప్పమంటే, కుండలు ఆ దారిలోనే పెట్టాలి. నీళ్ళు దాహమునకు, పూజకు కాదు. ఎండ అందరిపైన ఒకేలాగు కాస్తుంది. తండ్రి తన సూర్యుని మంచివారిపైన, చెడ్డవారిపైన ఉదయింపజేస్తున్నాడని ప్రభువు కొండమీద బోధించినప్పుడు ఈ విషయమునే చెప్పాడు.

అయితే అసలు పరీక్ష దీని తరువాత ఉన్నది. నియమములో ఉన్న భక్తుడు మన కుండలో నీళ్ళు వద్దని వెళ్ళిపోతే? వద్దన్నందుకు మనకు కోపము వస్తుంది. ఆ కోపమును మనము పరీక్షించుకోవాలి. మన పూర్వికులలో అనేకులకు ఊరి బావి దగ్గర చోటు లేదు. ఎవరైనా పైనుండి పోస్తే దోసిలి పట్టి త్రాగారు. వారి చేతి నీళ్ళు ఊరు ముట్టలేదు. ఆ గాయము ఇంకా మానలేదు గనుక మన కుండను ఎవరైనా వద్దంటే అది గుచ్చుకొంటుంది. అంటరానితనము వల్ల వద్దంటే అది పాపము, చట్టము ప్రకారము నేరము కూడ. రాజ్యాంగము 17వ అధికరణము దానిని రద్దు చేసినది. దానిని ఎదిరించవలసినదే. కాని తన వ్రతము కొరకు వద్దన్నవాడు మనలను అవమానించలేదు. అతనికి వద్దనే హక్కు ఉన్నది. ఈ రెండింటికి గల భేదమును గుర్తించే ఓర్పు చలివేంద్రము దగ్గర కూర్చున్నవానికి కావాలి. వద్దనే స్వేచ్ఛ లేనివానికి ఇచ్చినది దానము కాదు, బలవంతము.

సమరయ స్త్రీ కథలో మనము తరచుగా గమనించకుండా దాటిపోయే ఒక సంగతి ఉన్నది. జీవజలమిచ్చేవాడు బావి దగ్గర మొదట చేసిన పని ఇవ్వడము కాదు, అడగడము. యూదులు ఎవరి చేతి నీళ్ళు ముట్టరో ఆమెను ఆయన నీళ్ళు అడిగాడు. తన చేతిలో చేద లేదు, ఆమె చేతిలో ఉన్నది. అడగడము ద్వారా ఆయన ఆమెను ఇచ్చేదానిగా నిలబెట్టాడు. అందుచేత చలివేంద్రము పెట్టే సంఘము మొదట పొరుగువారి బావి నుండి నీళ్ళు తోడుకొనుటకు అడగడము మంచిది. ఆ ఊరి నీళ్ళే ఆ ఊరికి పోస్తున్నామని గుర్తుంటుంది.

క్లౌ దొరగారు మూసిన తలుపు

వద్దనే స్వేచ్ఛ అన్నాము. మన చరిత్రలో దీనికి గొప్ప ఉదాహరణము ఒకటి ఉన్నది. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశములో ఘోరమైన కరవు వచ్చినది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకొన్నారు. ఆకలితో ఉన్నవారికి గంజి పోసి పంపక, పని ఇచ్చి కూలి ఇచ్చారు. తన బోధకులను పనిపై మేస్త్రీలుగా నిలిపారు.

ఆ దినాలలో అనేకులు బాప్తిస్మము అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరవు సహాయము జరుగుతున్నంత కాలము, సంవత్సరమునకు పైగా, ఆ తలుపు మూసి ఉంచారు. అన్నము కొరకు వచ్చినవాడెవడో, ప్రభువు కొరకు వచ్చినవాడెవడో మనుష్యులకు తెలియదు గనుక. సహాయము ముగిసిన తరువాతనే బాప్తిస్మములు మొదలైనవి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ అంకెను మన సండే స్కూలు పిల్లలు కూడ చెప్పగలరు. అంకెను జ్ఞాపకముంచుకొన్నాము, అంతకు ముందు మూసిన తలుపును మరచిపోయాము.

కరవులో మేలు చేసినందుకే వారు వచ్చారు గదా అని విమర్శించేవారున్నారు. ఉండవచ్చు. మేలు చేసినవారి దేవుడెవరో తెలుసుకోవాలని కోరడము తప్పు కాదు. అయితే వచ్చినవారికి ఆ దినమున క్లౌ గారి దగ్గర పుచ్చుకొనేందుకు కూలి లేదు, బియ్యము లేదు. వారు స్వేచ్ఛగా వచ్చారు. మరొక సంగతి. కాలువలో వారు భిక్షగాళ్ళు కారు, కూలివారు. పార పట్టి తిన్నారు. పుచ్చుకొనేవాని నడుము వంగకుండా ఇవ్వగలిగిన విధానమది.

ఇది ఒడిశాలో ఉన్న మన సంఘాలకు మరింత అవసరమైన పాఠము. ఒత్తిడి, ప్రలోభము, మోసము చేత మతము మార్చరాదని ఈ రాష్ట్రములో 1967లోనే చట్టము చేశారు. గంజామునకు పొరుగున ఉన్న కంధమాల్ జిల్లాలో 2008లో క్రైస్తవులపై జరిగిన దౌర్జన్యము మనము మరువలేదు. ఆ తరువాత కొందరు పెద్దలు, సేవ చేస్తే అనుమానిస్తారు గనుక సేవ మానుకొందాము అన్నారు. మరి కొందరు, సేవ చేసి ప్రభువు పేరు చెప్పకపోతే అది సేవే కాదు అన్నారు. రెండు మాటలూ సరికావని మా తలంపు. భయపడి నీళ్ళు పోయడము మానితే పొరుగువాడు దాహముతో పోతాడు. నీళ్ళతోపాటు కరపత్రము కూడ పుచ్చుకొనక తప్పని స్థితి కల్పిస్తే, నీళ్ళకు వెల కట్టినట్లే. మన విశ్వాసము దాచుకొనవలసినది కాదు. అడిగినవారికి సాత్వికముతో చెప్పాలని పేతురు మనకు నేర్పించాడు. అడిగిన తరువాత చెప్పడము వేరు, దాహమును ఆసరా చేసికొని చెప్పడము వేరు. ఈ తేడా మొదట మనకు చట్టము నేర్పలేదు. ఒంగోలు కరవులో మన మిషనరీయే నేర్పాడు.

రూపాయలు, రోజులు

సేవ ఇచ్చేవారిలో కూడ ఒక భేదమున్నది. గంజాం జిల్లా నుండి వేలాది యువకులు సూరతు మగ్గాలకు వెళ్తారు. మన పిల్లలు కొందరు హైదరాబాదుకు, గల్ఫు దేశాలకు, అమెరికాకు వెళ్ళారు. వెళ్ళినవారు రూపాయలు పంపుతారు. ఉన్నవారు రోజులు ఇస్తారు. నివేదికలో రూపాయలు తేలికగా కనబడుతాయి. ఫలాని సహోదరుడు ఇంత ఇచ్చాడని చదువుతారు, చప్పట్లు కొడతారు. ఒక కూలి సహోదరి రెండు దినాలు పని మానుకొని, పొరుగింటి ఒడియా తల్లిని బరంపురములోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకొని వెళ్ళి, వరండాలో పడుకొని, చీటీలు పట్టుకొని వరుసలో నిలబడితే, అది ఒక్క వాక్యములో పోతుంది. "రోగులకు సహాయము చేయబడినది."

ప్రభువు కానుకపెట్టె యెదుట కూర్చుని చూసినప్పుడు, వేసినదెంత అని గాక, వేసిన తరువాత మిగిలినదెంత అని చూశాడు. బీద విధవరాలికి ఏమియు మిగలలేదు. ఆ కొలత ప్రకారము రోజు కూలితో జీవించేవాడు ఇచ్చిన ఒక్క దినము ఆ ఇంటి ఒక పూట భోజనము. కాబట్టి కార్యవర్గము జాగ్రత్తపడాలి. స్వచ్ఛందము అనే మాటకు తన ఇష్టముతో అని అర్థము. ఆదివారము ఆరాధనలో పేర్లు పిలిచి, రానివారిని నిలబెట్టి అడిగితే, అది స్వచ్ఛందము కాదు, వెట్టి. వెట్టి అంటే ఏమిటో మన పెద్దలకు బాగుగా తెలుసు. జీతముగలవాడు సెలవు దినమున వచ్చి చేసిన శ్రమదానము, కూలివాడు కూలి మాని వచ్చి చేసిన శ్రమదానము సమానము కావు. రెండవవానిని పిలిచే ముందు ఆ దినము ఆ ఇంట పొయ్యి వెలుగుతుందా అని పెద్దలు తెలుసుకోవాలి. వెలుగదని తెలిస్తే ఆ పూట బియ్యము సంఘము ఇవ్వాలి. అది కూలి కాదు, సహోదర ధర్మము.

రూపాయలు పంపేవారిని మేము చిన్నబుచ్చడము లేదు. ఇచ్చే దిక్కు ఎప్పుడును ఒకేలాగు ఉండదని మాత్రమే చెప్పదలచాము. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టుల సొంత మిషను సంఘము జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపినది. అక్కడి చెరకు తోటలలో, టీ తోటలలో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువారి కొరకు ఆయన వెళ్ళారు. అప్పుడు పంపినది పేద దేశములోని పేద సంఘాలు. పుచ్చుకొన్నది సముద్రము దాటి వెళ్ళినవారు. నేడు సముద్రము దాటినవారు పంపుతున్నారు, ఇక్కడివారు పుచ్చుకొంటున్నారు. వంద సంవత్సరాలలో చేతులు మారినవి. పొయ్యిమీద ఎసరు పెట్టేటప్పుడు మన తల్లులు తీసిపెట్టే పిడికెడు బియ్యము ఎవరి కడుపుకు చేరుతుందో, మరల ఎక్కడ నుండి తిరిగి వస్తుందో ఎవరికి తెలుసు?

పుచ్చుకొన్న లెక్క

ఇక రెండవ లెక్కకు వద్దాము. 2013 అక్టోబరు 12 సాయంత్రము ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినది. అంతకు ముందే ఒడిశా ప్రభుత్వము దాదాపు పది లక్షలమందిని సురక్షిత స్థలాలకు చేర్చినది. 1999 అక్టోబరు పెను తుపానులో ఇంచుమించు పది వేలమంది చనిపోగా, 2013లో ఆ సంఖ్య పదులలో ఆగినది. ముందుగా తెలియజేయడము, ఇళ్ళు విడిచి రమ్మని పల్లె పల్లె తిరిగి బ్రతిమాలడము, ఆశ్రయ గృహాలు, బడులు తెరచి ఉంచడము దీనికి కారణము. బడిలో ఒక రాత్రి ఒకే కప్పు క్రింద కూర్చున్నవారిలో ఇచ్చేవారు ఎవరు, పుచ్చుకొనేవారు ఎవరు? ఒకడు చాప ఇచ్చాడు, ఒకడు అటుకులు తెచ్చాడు, ఒకడు లాంతరు పట్టుకొన్నాడు. అటువంటి రాత్రి తెలుగు, ఒడియా అనే మాట ఎవరికి గుర్తుంటుంది?

2020లో సూరతు మగ్గాలు ఆగిపోయినప్పుడు లక్షలాది గంజాము కూలివారు తిరిగి వచ్చారు. బడులను వారి కొరకు వేరుంచే స్థలాలుగా మార్చారు. ఒడిశా ప్రభుత్వము సర్పంచులకు కలెక్టరు అధికారాలు ఇచ్చినది. తన పిల్లవాడే తిరిగి వస్తుంటే పల్లె భయపడినది. ఆ భయమును జయించి బడి గుమ్మము దగ్గర అన్నము పెట్టినవారు ఏ ఒక్క మతమువారు కారు. వలస వెళ్ళినవాని కష్టము ఎటువంటిదో ఒడియా పల్లెకు కూడ తెలుసు. మనమొక్కరమే వలసవారము కాము. మనము అటునుండి ఇటు వచ్చాము, వారు ఇటునుండి అటు వెళ్ళారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది, దానిని దాటవేయకూడదు. తిరిగి ఇవ్వలేనివారినే విందుకు పిలువమని ప్రభువు సెలవిచ్చాడు గదా; పుచ్చుకొనుటకంటె ఇచ్చుట ధన్యమని పౌలు ఎఫెసు పెద్దలకు ప్రభువు మాటను జ్ఞాపకము చేశాడు గదా; మరి పుచ్చుకొన్నదానిని లెక్క వ్రాయడమేమిటి అని మీరు అడుగవచ్చు.

మా జవాబిది. బదులు ఆశించి ఇవ్వవద్దని ప్రభువు చెప్పాడు. పొరుగువాడు ప్రేమతో ఇచ్చినదానిని త్రోసివేయమని చెప్పలేదు. డెబ్బదిమందిని పంపినప్పుడు సంచి లేకుండా పంపి, వారు వెళ్ళిన ఇంట ఏది పెడితే అది తినమన్నాడు. అనగా ఇతరుల చేతి అన్నము తినడము కూడ వారి పరిచర్యలో భాగము. ఇచ్చుట ధన్యమైతే ఆ ధన్యత మనమొక్కరమే ఉంచుకొని, పొరుగువానికి మాత్రము పుచ్చుకొనే భాగమే మిగిల్చడము ప్రేమా? ఎల్లప్పుడు ఇచ్చేవాడు ఎత్తుగా కూర్చుంటాడు. ఎల్లప్పుడు పుచ్చుకొనేవాడు తల వంచుకొంటాడు. తల వంచుకొన్నవాడు లోపల రుణమును మోస్తాడు. మోయలేనంత అయినప్పుడు అది ద్వేషమవుతుంది. పొరుగువాని చేత కూడ మనకు ఇప్పించుకోవడము అతని తలను ఎత్తడమే.

వచ్చే నివేదికలో

కుడిచేయి చేసేది ఎడమచేయికి తెలియకూడదని ప్రభువు మత్తయి 6వ అధ్యాయములో బోధించాడు. దానికి ముందు అధ్యాయములోనే మన మంచి పనులు చూసి మనుష్యులు తండ్రిని మహిమపరచాలని చెప్పాడు. ఈ రెండింటిని ఒకే నివేదికలో ఎలా నెరవేర్చాలి? ఈ క్రింది సంగతులను మీ కార్యవర్గాలు ప్రార్థనతో ఆలోచించాలని కోరుతున్నాము.

మొదటిది. సహాయము పొందినవారి పేర్లు చదువవద్దు. దుప్పటి పుచ్చుకొంటున్న అవ్వ ఫోటో గోడకు పెట్టవద్దు. ఎంత ఖర్చయినదో చెప్పండి, ఎవరికి అన్నది దేవునికి విడిచిపెట్టండి. ఆ అవ్వ మరుసటి దినము బజారులో మనకు ఎదురైతే ఆమె ముఖము చిన్నబోకూడదు.

రెండవది. రూపాయల ప్రక్కన రోజులను కూడ వ్రాయండి. పేర్లు వద్దు. ఈ సంవత్సరము సంఘస్థులు కలిసి ఇన్ని దినాలు ఇచ్చారని చాలు. దూరాన ఉన్నవారు పంపిన పైకము, ఇక్కడివారు ఇచ్చిన దినములు ఒకే పేజీలో ఉంటే, దూరమున్నవారికి గర్వము, ఇక్కడివారికి చిన్నతనము ఉండవు.

మూడవది, మేము ముఖ్యముగా కోరేది. పొందినది అని మరొక వరుస గీయండి. మందిరపు కప్పు ఎగిరిపోతే బొంగులు ఇచ్చిన పొరుగు రైతు ఉండవచ్చు. మన పిల్లకు రక్తము ఇచ్చిన ఒడియా యువకుడు ఉండవచ్చు. మన పిల్లలకు ఒడియా అక్షరాలు ఓర్పుతో దిద్దించిన బడి పంతులుగారు ఉండవచ్చు. సమాధి స్థలమునకు దారి వదలిన పొలము యజమాని ఉండవచ్చు. అటువంటివి ఏ ఊరిలోనైనా వెదికితే దొరుకుతాయి. ఆ వరుస ఖాళీగా ఉంటే రెండింటిలో ఒకటి నిజము. ఊరు మనకు ఏమియు చేయలేదు, లేదా చేసినదానిని మనము చూడలేదు. మొదటిదైతే ఆ ఊరితో మన పొత్తు ఇంకా కుదరలేదు. రెండవదైతే మనకు కృతజ్ఞత లేదు. ఏది నిజమైనా కార్యవర్గము తెలుసుకోవలసినదే.

నాల్గవది. వీలైన చోట సేవను కలిసి చేయండి. చెరువు గట్టు పనికి సంఘము పేరుతో బోర్డు కట్టి విడిగా వెళ్ళక, గ్రామ పంచాయతీ పిలుపుకు ఊరివారితో పాటు పార పట్టుకొని వెళ్ళండి. అక్కడ ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు అని రెండు పక్షాలు ఉండవు. గట్టు నిలిస్తే అందరి పొలమూ పండుతుంది.

ప్రియులారా, మనము ఈ ఊళ్ళలో స్థిరపడినవారము. మన పిల్లలకు ఇదే పుట్టిన ఊరు. మన పెద్దలు ఈ మట్టిలోనే నిద్రించుచున్నారు. మేలు చేసి చేతులు దులుపుకొనిపోయే యాత్రికులవలె గాక, మేలు చేసి, మేలు పొంది, ఒకరి గడపలో ఒకరు కూర్చునే పొరుగువారివలె జీవించుటకు ప్రభువు మనకు కృప అనుగ్రహించును గాక. వచ్చే సర్వసభ్య సమావేశములో మీ సంఘపు నివేదిక చదివేటప్పుడు, పొందినదాని వరుస చేసినదాని వరుసకంటె పొడవుగా ఉంటే సిగ్గుపడకండి. ఆ దినమున స్తోత్ర ప్రార్థన మరికొంత సేపు చేయండి.

మీ అందరికిని, మీరు నివసించే ఊళ్ళకును సమాధానము కలుగును గాక. ఆమేన్.